పరిపాలనాపరంగా దొరికిన మనిషి

కొత్తలంక మునిసిపాలిటీకి అన్నీ ఉన్నాయిగాని, ఒక్క అమరవీరుడు లేడు.

ఈ లోటు ఆ ఊరికి చాలాకాలం తెలియలేదు. పక్కనున్న పెదగరువు వాళ్ళు బస్టాండు ఎదురుగా సరిహద్దులో చనిపోయిన ఒక సిపాయి విగ్రహం నిలబెట్టి, చుట్టూ నీళ్ళు చిమ్మే గొట్టాలు బిగించి, వాటికి రంగు దీపాలు పెట్టిన రోజున తెలిసింది. ఆ దీపాలు చూసొచ్చిన మునిసిపల్ చైర్మన్ అబ్బులుగారికి అన్నం సయించలేదు.

"మూడు సినిమా హాళ్ళున్నాయి. రెండు ఇంజనీరింగు కాలేజీలున్నాయి. ఏం లాభమండి? దేశానికి ఒక్క ప్రాణం ఇచ్చుకోలేకపోయేం," అని కౌన్సిల్ సమావేశంలో కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

పెదగరువు జనాభా మనలో సగం కూడా ఉండదని ఒక కౌన్సిలరు గుర్తు చేశాడు. అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు ఎవరికో కోదండపాణి జ్ఞాపకం వచ్చాడు.

మేడిశెట్టి కోదండపాణి ఆ ఊరివాడే. వాయుసేనలో ఫ్లైట్ లెఫ్టినెంటు. యుద్ధవిమానం నడిపేవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో అవతలి దేశం మీదికి వెళ్ళిన విమానాల్లో అతనిది తిరిగి రాలేదు. కూలిందని చూసినవాళ్ళు లేరు, దిగిందని చెప్పినవాళ్ళు లేరు. 'కనబడుటలేదు' అని ఇంటికి టెలిగ్రాం వచ్చింది. ఆ తరవాత ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, టెలిగ్రాం ఆఫీసే మూతపడింది. ఆ మాట మాత్రం మారలేదు.

అతని భార్య అలివేలమ్మ కుమ్మరివీధిలో ఒక మేడమీద వాటాలో అద్దెకుంటోంది. కొత్తకాపురంలో భర్త కబురు ఆగిపోయిన మనిషి, ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతోంది. ఆమెకు తోడు ఆడపడుచు దమయంతి. భర్త పోయాక దమయంతి వదిన దగ్గరికే వచ్చేసింది. "నాది తేలిపోయింది, నీది తేల్లేదు. అంతకుమించి మనిద్దరికీ తేడా ఏముంది వదినా," అంటుంది. తేలడానికీ తేలకపోవడానికీ మధ్య ఎంత దూరముంటుందో అలివేలమ్మకు తెలుసుగాని, ఆడపడుచుతో వాదన పెట్టుకోదు. వీధి తలుపు చప్పుడైతే మాత్రం దమయంతి కన్నా ముందు ఆమే లేస్తుంది. పాలవాడైనా సరే, గ్యాసువాడైనా సరే.

ఒక ఉదయం తలుపు చప్పుడైంది. చైర్మన్‌గారు, మునిసిపల్ కమిషనర్ పరిపూర్ణాచారిగారు, వెనక మెట్లనిండా కౌన్సిలర్లు. చైర్మన్‌గారు చేతిలో బంతిపూల దండతో తిన్నగా గోడకున్న ఫొటో వైపు నడిచారు. అలివేలమ్మ అడ్డం నిలబడింది.

"పటానికి దండ వెయ్యకండి బాబూ."

"గౌరవమండమ్మా."

"గౌరవం నోటితో చెయ్యండి. పటానికి దండ వేస్తే ఆ మనిషి లేడని అర్థం. మాకింకా ఆ కబురు రాలేదు."

చైర్మన్‌గారికి జీవితంలో దండ పట్టుకుని ఏం చెయ్యాలో తెలియని పరిస్థితి ఎప్పుడూ రాలేదు. అటు చూశారు, ఇటు చూశారు.

"అంత బరువుగా ఉంటే మీరే వేసుకోండి. మీరున్నారు గదా," అంది దమయంతి.

ఆయన వేసుకున్నారు. మెడలో దండ పడగానే మనిషి కుదుటపడి, కుర్చీలో కూర్చున్నారు.

కమిషనర్‌గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఇంట్లో మంచినీళ్ళు అడిగినా ఉత్తర్వు వెలువడినట్టే ఉంటుందని ఊళ్ళో చెప్పుకుంటారు. "అమ్మా, విషయం సంక్షిప్తంగా మనవి చేస్తాను. సదరు వీరుని విగ్రహమును ప్రధాన కూడలియందు ప్రతిష్ఠించుటకు పాలకవర్గం ఏకగ్రీవంగా తీర్మానించినది. అయితే మన మునిసిపల్ నిబంధనల ప్రకారం జీవించి ఉన్న వ్యక్తుల విగ్రహాలు రహదారులపై నిషిద్ధం. కావున సదరు వ్యక్తి జీవించి లేరని తమరు ఒక్క మాట సెలవిస్తే..."

"ఎవరు సెలవియ్యాలి?"

"తమరేనమ్మా. సమీప బంధువులు తమరు."

"యుద్ధం చేసినవాళ్ళకే తెలియని సంగతి నాకెలా తెలుస్తుందండి?"

"తెలియనక్కర్లేదమ్మా. అంటే చాలు."

"ఊరికోసమమ్మా," అన్నారు చైర్మన్‌గారు, దండలోంచి చెయ్యి బయటికి తీసి. "ఒక్క మాట. రంగు దీపాలకి ఆర్డరు కూడా ఇచ్చేసేం. ఆయ్."

అలివేలమ్మ ఫొటో వైపు చూసింది. ఆ రోజు విమాన స్థావరం క్వార్టర్సులో ఆయన స్కూటరు తీస్తుంటే ఆమె గుమ్మంలోనే ఉంది. లోపల స్టవ్వు మీద పాలు పొంగిన వాసన వచ్చింది. "ఒక్క నిమిషం ఉండండి, వస్తున్నా," అని లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి స్కూటరు పొగ మాత్రం ఉంది. ఆయనతో ఆమె అన్న ఆఖరి మాట 'ఉండండి' అని. ఇప్పుడీ పెద్దమనుషులు వచ్చి, అదే నోటితో లేరని అనమంటున్నారు.

"నేననను," అంది.

"రేపు మా అన్నయ్య వచ్చి తలుపు కొడితే ఏం చేస్తారండి?" అంది దమయంతి. "మీ విగ్రహం దిగిపోతుందా, మా అన్నయ్య వెనక్కి పోవాలా?"

ఆ సందర్భానికి నిబంధన ఏదీ లేదని కమిషనర్‌గారు ఒప్పుకున్నారు.

ఇంతలో విగ్రహం వచ్చేసింది. చైర్మన్‌గారు కొబ్బరికాయ కంటే ముందు అడ్వాన్సు ఇచ్చే మనిషి. లారీలో గోనెపట్టాలు చుట్టుకుని, పైకెత్తిన చెయ్యి ఒక్కటీ కొమ్ములా పొడుచుకుని వచ్చిన ఆ సిమెంటు మనిషిని వెనక్కి పంపుదామంటే శిల్పి ఫోను తీయలేదు. నిలబెడదామంటే నిబంధన ఒప్పుకోదు. కమిషనర్‌గారు ఆ రాత్రి ఆలోచించి పొద్దున్నే తేల్చారు.

"ఆవిష్కరణ జరగనంతవరకు అది విగ్రహం కాదు. కప్పబడిన వస్తువు మాత్రమే. కప్పబడిన వస్తువులను కూడలియందు నిలబెట్టరాదని నిబంధన ఏదియు లేదు."

కప్పబడిన వస్తువును నిలబెట్టారు. దేనితో కప్పాలన్న దానిమీద కౌన్సిలులో పెద్ద గొడవైంది. తెల్లగుడ్డ కప్పితే ఆ అమ్మ ఊరుకోదన్నారు. మిగతా ఏ రంగు అనుకున్నా దానికో పార్టీ సొంతదారుగా లేచి నిలబడింది. చివరికి రైతులు ధాన్యం రాశుల మీద కప్పే నీలం బరకం చుట్టి, కొబ్బరితాడు బిగించారు. రంగు దీపాలు వెలిగాయి. నీళ్ళు చిమ్మాయి. మధ్యలో మూట.

నెల తిరక్కుండా బస్సు కండక్టర్లు "మూట సెంటరు, మూట సెంటరు, దిగాలి!" అని అరవడం మొదలుపెట్టారు. ఏడాది తిరిగేసరికి ఊళ్ళో గేదె తప్పిపోయినవాళ్ళు, సెల్‌ఫోను పోగొట్టుకున్నవాళ్ళు, ఆఖరికి సంబంధం కుదిరీ కనబడకుండా పోయిన పెళ్ళికొడుకు తాలూకువాళ్ళు వచ్చి, ఆ తాడుకు ముడుపు కట్టడం నేర్చారు. ఏటేటా మంత్రిగారొకరు వచ్చేవారు. ఆయన చేతుల మీదుగా అనావిష్కరణ సభ జరిగేది. మంత్రిగారు తాడు దాకా చెయ్యి తీసుకెళ్ళి, దాన్ని ముట్టుకోకుండా నమస్కారం పెట్టి, దేశభక్తి మీద మాట్లాడేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఇన్నేళ్ళలో ఆ ఊరి అధికారులు చెప్పింది చెప్పినట్టు జరిపించిన కార్యక్రమం అదొక్కటే.

అలివేలమ్మ ఆ సెంటరు మీదుగా వెళ్ళినప్పుడల్లా ఆటోలో తల తిప్పుకునేది. తుఫాను రోజుల్లో మాత్రం ఆమెకు నిద్ర పట్టేది కాదు.

"బరకం లేచిపోయిందేమోనే. తడిసిపోతాడేమో."

"అది సిమెంటు వదినా."

"తెలుసులేవే," అనేది అలివేలమ్మ. కిటికీ దగ్గర్నించి కదిలేది కాదు.

అసలు విడ్డూరం ఆ తరవాత మొదలైంది.

ఊరికి పిల్లల పార్కు ఒకటి మంజూరై చాలా ఏళ్ళయింది. శంకుస్థాపన జరిగింది. ఉయ్యాలలు కొన్నారు, జారుడుబల్లలు కొన్నారు, గేటుకు తాళం కూడా కొన్నారు. పార్కు మాత్రం లేదు. ఆడిటు అధికారి ఒకాయన జిల్లా నుంచి వచ్చి, పార్కు చూపించమన్నాడు. కమిషనర్‌గారు ఆయన్ని కారులో ఎక్కించుకుని ఊరంతా తిప్పుతూ ఏం చెప్పాలో తోచక మూట సెంటరు దగ్గరికి వచ్చారు. ఆ నీలం బరకం చూడగానే ఆయనకు జ్ఞానోదయమైంది.

"పార్కు లేదని అనడం పొరపాటు," అన్నారు. "ఉన్నదని అనడమూ సాహసమే. సదరు పార్కు విధి నిర్వహణలో అదృశ్యమైనది."

ఆడిటు అధికారి మూట వంక చూశాడు. చుట్టూ జనం చేతులు జోడించి ఉన్నారు. ఆయన కళ్ళజోడు తీసి, పార్కు కోసం కాసేపు మౌనం పాటించి, టీ తాగి వెళ్ళిపోయాడు.

ఆ దెబ్బతో దారి దొరికింది. పార్కు స్థలంలో ఒక దిమ్మ కట్టి, దాని మీద ఖాళీ మూట ఒకటి నిలబెట్టారు. తరవాత మురుగుకాలువ, దాని తరవాత ఆరో వార్డు రోడ్డు, ఆ తరవాత దోమల మందు కొట్టే యంత్రం వరసగా విధి నిర్వహణలో అదృశ్యమయ్యాయి. ఏది ఎక్కడ ఉండాలో అక్కడ దిమ్మ లేచింది, దాని మీద నీలం మూట వెలిసింది. లేని రోడ్డు గుంటల్లో పడి కాలు విరగ్గొట్టుకున్నవాడు ఇంతకుముందు తిట్టేవాడు. ఇప్పుడు లేచి దణ్ణం పెట్టి కుంటుకుంటూ పోతున్నాడు. మునిసిపల్ ఆసుపత్రి డాక్టరు ఊరి మొహం చూసి రెండేళ్ళు దాటింది. ఆయన్నీ అదృశ్యుడిగా ప్రకటించి, గౌరవపత్రం రాశారు. ఆ పత్రం తీసుకోవడానికి డాక్టరు స్వయంగా వచ్చి వెళ్ళాడు.

అదృశ్యమైనవారి కుటుంబాలకు సన్మానం చెయ్యాలని తీర్మానించారు. "ఈ రంగంలో తమరు సీనియర్లు," అని కమిషనర్‌గారు అలివేలమ్మను వేదిక మీద ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కన డాక్టరుగారి భార్య కూర్చుంది. ఆమె అలివేలమ్మ చెయ్యి పట్టుకుంది.

"మీ బాధ నాకు తెలుసండి పిన్నిగారూ. మావారూ అంతే. ఆదివారాలు తప్ప ఇంట్లో ఉండరు."

అలివేలమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేదు. విడిపించుకుంటే ఆ పిల్ల నొచ్చుకుంటుందేమోనని భయపడింది. ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏమైంది వదినా?"

"నా దగ్గర ఆ ఒక్క మాటే ఉండేదే. కనబడుటలేదని. దాన్నీ వీధిలోకి ఈడ్చేశారు. మురుగుకాలువా ఆయనా ఒకటేనట."

దమయంతి లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చింది.

అదృశ్యం పథకం పక్క మునిసిపాలిటీలకు పాకింది. పెదగరువులో ఏకంగా పోలీసు స్టేషనే అదృశ్యమైందని చెప్పుకున్నారు. చివరికి పైనుంచి గట్టి ఆదేశం వచ్చింది. మార్చి నెలాఖరుకల్లా ఏ మునిసిపాలిటీలోనూ అదృశ్యమైనది ఏదీ ఉండకూడదు. ఉంటే దొరికి ఉండాలి, లేదా పోయి ఉండాలి. పోయిన వాటికి కమిషనర్ల జీతాల్లోంచి కోత. అన్నీ దొరికిన మునిసిపాలిటీకి బంగారు నెమలి బహుమతి.

పరిపూర్ణాచారిగారు ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, సాయంత్రం టీ లోపల అన్నిటినీ వెదికి పట్టుకున్నారు. కుర్చీలోంచి లేవకుండానే. పార్కు దొరికింది. కాలువ దొరికింది. ఆరో వార్డు రోడ్డు దొరికింది. డాక్టరు దొరికాడు. వరసలో అందరికంటే ముందున్న ఫ్లైట్ లెఫ్టినెంటు కోదండపాణి కూడా దొరికాడు.

మునిసిపల్ ఆఫీసు అటెండరు పోలయ్య మంచివాడు. ఒకరికి మంచి జరిగిందంటే కడుపులో దాచుకోలేడు. కమిషనర్‌గారు సంతకం పెడుతుండగా విన్నాడు. సైకిలెక్కి కుమ్మరివీధికి వచ్చి, కింద నుంచే కేకేశాడు.

"అమ్మగారండోయ్! అయ్యగారు దొరికేరండి! మన కోదండపాణిగారండి! కమిషనర్‌గారు సంతకం కూడా పెట్టేసేరండి!"

అలివేలమ్మ తలుపు తీసి నిలబడింది. పోలయ్య కింద నవ్వుతున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. తల ఊపింది. పోలయ్య ఇంకెవరికో పార్కు దొరికిందని చెప్పాలని వెళ్ళిపోయాడు.

దమయంతి కూరగాయలకు వెళ్ళి తిరిగొచ్చేసరికి ఇల్లు మారిపోయి ఉంది. ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. కలరా ఉండల వాసన. ఒక నీలం రంగు పొట్టిచేతుల చొక్కా వరండాలో తీగ మీద ఎండలో ఆరేసి ఉంది. వంటింట్లో పెద్ద గిన్నెలో అన్నం ఉడుకుతోంది. వదిన తలస్నానం చేసి, జరీ అంచు చీర కట్టుకుని, అద్దం ముందు నిలబడి ఉంది. నెరిసిన జుట్టును ఒకసారి ముడి వేస్తోంది, విప్పుతోంది, జడ వేస్తోంది.

"వదినా! ఏమిటిది?"

"మీ అన్నయ్య దొరికారటే." అద్దంలోంచే అంది అలివేలమ్మ. "నన్ను గుర్తుపడతారంటావా? ఆయన చూస్తే అప్పటి నాకోసం చూస్తారు గదా. నేనే ముందు పలకరించనా?"

దమయంతి చేతిలో సంచి కింద పెట్టింది. "దొరికాడా? ఎక్కడ? ఎవరు చెప్పారు?"

"పోలయ్య."

"ఎక్కడ దొరికాడని అడిగావా?"

అలివేలమ్మ జడ వేస్తున్న చేతులు ఆగాయి.

"అడగలేదే."

"ఎందుకడగలేదు?"

అలివేలమ్మ దువ్వెనలో చిక్కుకున్న తెల్లవెంట్రుక తీసింది. "అడిగితే ఏం చెప్తాడో అని," అంది.

ఇద్దరూ ఆటో మాట్లాడుకుని ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ మిఠాయిలు పంచుతున్నారు. కమిషనర్‌గారు లేచి నిలబడ్డారు.

"శుభాకాంక్షలమ్మా. నూటికి నూరుపాళ్ళు సాధించాం."

"ఎక్కడున్నారండి ఆయన?"

"ఎవరమ్మా?"

"మావారు."

కమిషనర్‌గారికి ఆమె కట్టుకున్న చీర, తలలో పెట్టుకున్న మల్లెపూలు అప్పుడు కనిపించాయి. నోట్లో ఉన్న లడ్డూ మింగడానికి కొంచెం టైము పట్టింది.

"అమ్మా, ఇక్కడ ఒక సూక్ష్మమైన అంశం ఉన్నది. సదరు వ్యక్తి లభ్యమైనది భౌతికంగా కాదు. పరిపాలనాపరంగా."

"అంటే ఎప్పుడొస్తారండి?"

"రావడం అనేది మా పరిధిలోకి రాదమ్మా. లభ్యం కావడం వరకే."

దమయంతి నోరు తెరిచింది. అలివేలమ్మ ఆమె చెయ్యి నొక్కి ఆపింది. మెల్లగా వెళ్ళి కమిషనర్‌గారి గది ముందున్న చెక్కబల్ల మీద కూర్చుంది. తలలో పూలు తీసి ఒడిలో పెట్టుకుంది.

"దొరికారని మీరే అన్నారు గదా. ఇచ్చేయండి. తీసుకెళ్తాను."

సాయంత్రమైంది. ఆఫీసు మూసేదాకా ఆమె లేవలేదు. మర్నాడు తలుపులు తీయగానే వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. ఎవరైనా ఎందుకొచ్చారమ్మా అంటే, మావారు వీళ్ళకు దొరికారు, తీసుకెళ్దామని వచ్చానని చెప్పేది. గొంతు పెంచేది కాదు. దమయంతి పక్కన కూర్చుని వచ్చేపోయే వాళ్ళకు మిగతా కథ చెప్పేది. ఆమె గొంతు పెంచేది. వినగా వినగా ఆరో వార్డువాళ్ళు కూడా వచ్చి, దొరికిన రోడ్డు ఎప్పుడిస్తారని అడగడం మొదలుపెట్టారు. పిల్లలు వచ్చి ఉయ్యాల అడిగారు.

లోపల గదిలో చైర్మన్‌గారు చెమటలు తుడుచుకున్నారు. "దొరకలేదని చెప్పేద్దామండి. పెద్దావిడ, పాపం."

"ఎలా చెప్తామండీ?" అన్నారు కమిషనర్‌గారు. "అందరూ ఒకే సంతకం కింద దొరికారు. ఆయన దొరకలేదంటే కాలువా దొరకనట్టే. పార్కూ దొరకనట్టే. ఎల్లుండి బంగారు నెమలికి తనిఖీ."

"పోనీ, పోయేడనేద్దాం."

"దొరికిన మనిషి ఎలా పోతాడండీ? పోతే మన దగ్గరుండగా పోయినట్టవుతుంది. విచారణ వేస్తారు."

ఇద్దరూ కిటికీలోంచి చూశారు. దూరంగా సెంటర్లో నీలం మూట ఎండకు మెరుస్తోంది. చైర్మన్‌గారి మొహం వెలిగింది.

"మరాయన మన దగ్గరే ఉన్నారు గదండి."

మర్నాడు పొద్దున్నే కుమ్మరివీధిలోకి బాజాభజంత్రీలతో ఒక ట్రాక్టరు వచ్చింది. దాని వెనక తగిలించిన ట్రక్కులో తాళ్ళతో కట్టి నిలబెట్టిన మూట. ముందు జీపులో చైర్మన్‌గారు, కమిషనర్‌గారు. వీధంతా గుమ్మాల్లోకి, డాబాల మీదికి వచ్చింది. అలివేలమ్మ, దమయంతి మెట్లు దిగి వచ్చారు.

"లభ్యమైన వ్యక్తిని కుటుంబ సభ్యులకు అప్పగించు కార్యక్రమం," అని మైకులో చదివారు కమిషనర్‌గారు. తరవాత మైకు పక్కకు పెట్టి, గొంతు తగ్గించారు. "అమ్మా, బతికి ఉన్నాడనక్కర్లేదు. లేడనక్కర్లేదు. బరకం తీస్తాం. చూసి, 'ఈయనే' అని ఒక్క మాట అనండి. అంతటితో మీకూ మాకూ కూడా..."

"వదినా, అనకు," అంది దమయంతి. "అంటే ఇక వెదికేవాడు కూడా ఉండడు."

"ఇప్పుడెవరు వెదుకుతున్నారే?" అంది అలివేలమ్మ.

దమయంతి ఆమె వంక చూసింది. వదిన ఆ మాట అనడం ఎప్పుడూ వినలేదు.

"నాకు చాతకావడం లేదు దమయంతీ. ప్రతి చప్పుడికీ లేస్తున్నాను. ఆ మాటేదో అనేస్తే ఒకళ్ళకైనా నిద్ర పడుతుంది. తియ్యమను."

బరకం ముడులు వానలకు బిగుసుకుపోయి రాలేదు. కత్తితో కోశారు. ఇన్నేళ్ళ ముడుపులు, గేదె పలుపుతాళ్ళు, పసుపు గుడ్డలు జారి కింద పడ్డాయి. నీలం బరకం జారింది.

వీధిలో బాజా ఆగింది.

నిండు బుగ్గల మనిషి. వయసు యాభై పైమాటే. దుబ్బు మీసం. నెత్తిన టోపీ ఉందిగాని, దాని కింద నుంచి కళ్ళజోడు. పంచె కుచ్చిళ్ళను చెక్కి ప్యాంటు చెయ్యబోయి, ఒక కాలు దగ్గర వదిలేశారు. ఎన్నికల సభలో జనానికి ఏదో మాటిస్తున్నట్టు చెయ్యి పైకెత్తి వేలు చూపిస్తున్నాడు. శిల్పి దగ్గర అమ్ముడుపోకుండా మిగిలిపోయిన ఏ ఊరి నాయకుడో.

"పైలటుకి కళ్ళజోడేంటండీ?" అన్నారెవరో డాబా మీంచి.

"చదువుకున్నోడండి," అన్నారు చైర్మన్‌గారు.

అలివేలమ్మ ట్రక్కు దగ్గరికి వెళ్ళింది. ఆమె నవ్వుతుందని కొందరు, పడిపోతుందని కొందరు అనుకున్నారు. రెండూ జరగలేదు. ఆమె ఆ సిమెంటు మొహాన్ని చాలాసేపు చూసింది. వాన మరకలు, బరకం రాసుకుని లేచిన పెచ్చులు. చెంప మీద పెచ్చు ఒకటి ఊడబోతుంటే వేలితో నొక్కి పెట్టింది.

తుఫాన్లన్నిటిలోనూ ఆమె కిటికీ దగ్గర నిలబడింది ఈయన కోసం.

"అమ్మా, ఒక్క మాట," అన్నారు కమిషనర్‌గారు.

"ఈయన కాదండి."

"కొంచెం నిదానించి..."

"నిదానించే చెప్తున్నాను. ఈయన మావారు కాదు. మావారు ఇంకా రాలేదు." ఆమె గొంతు మొదటిసారి వీధంతా వినిపించింది. "వచ్చేదాకా రాలేదనే రాసుకోండి. ఆ మాటొక్కటే నిజం. అది మాత్రం నేనెన్నిసార్లయినా అంటాను."

కమిషనర్‌గారు నుదురు పట్టుకున్నారు. దొరికిన మనిషి ఉన్నాడు, ట్రక్కులో నిలబడి అందరికీ కనబడుతున్నాడు. ఎవరి మనిషో తేలాలి. తేలకపోతే తనిఖీ. ట్రాక్టరు డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి వేసుకుని, ఇంతకీ తను ఎటు తోలాలో చెప్పమన్నాడు.

"మరీయన్నేం చెయ్యమంటారండి?"

"ఎవరింటాయనో కనుక్కుని దింపి రా," అంది దమయంతి. "ఎక్కడో ఎవరో ఒకావిడ చూస్తూనే ఉంటుంది."

ఆమె ఎగతాళికే అంది. కమిషనర్‌గారికి మాత్రం అది నిబంధనలాగే వినబడింది. ఆయన వెంటనే మైకు అందుకుని, లభ్యమైన వ్యక్తిని గుర్తించు నిమిత్తం గృహ గృహ సందర్శన కార్యక్రమాన్ని ప్రకటించారు. బాజా మళ్ళీ మొదలైంది.

ఆ రోజంతా ట్రాక్టరు కొత్తలంకలో వీధి వీధీ తిరిగింది. గుమ్మం గుమ్మం ముందూ ఆగింది. గల్ఫుకు వెళ్ళి ఫోను మానేసినవాళ్ళ ఇళ్ళున్నాయి, సముద్రంలోకి వేటకు వెళ్ళినవాళ్ళ ఇళ్ళున్నాయి, అలిగి వెళ్ళినవాళ్ళవి, అప్పులకు పారిపోయినవాళ్ళవి ఉన్నాయి. ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. "ఈయన మీ తాలూకాండి?" అని పోలయ్య ప్రతిచోటా అడిగాడు. కళ్ళజోడు చూసి కొందరు నవ్వారు. కాదన్నారు, కాదన్నారు.

ఔనని ఒక్కరూ అనలేదు. కాని ట్రాక్టరు వీధి మలుపు తిరిగేదాకా ఒక్కరూ లోపలికి వెళ్ళలేదు.